ఉద్దాల నాటికి ఇంటికొస్త

బయలుదేరే ముందు

మా నాయిన రేకుపెట్టె మూత లోపలి వైపు మొలతో గీసిన గీతలుంటాయి. ఒక్కో వరుస ఒక్కో యేడు. వరుస మొదట్లో వంకరగా రెండు అంకెలు: 81, 82, 83. పక్కన, ఆ యేడు కార్తీకంలో జరిగే కురుమూర్తి స్వామి జాతరకు మా ఇంట్లోంచి ఎంతమంది పోతే అన్ని నిలువు గీతలు. మొదటి గీత ఆయనది, మిగతావాటికంటే కొంచెం పొడుగు. రెండోది అమ్మది. 83 నుంచి నాది, 86 నుంచి తమ్మునిది. నాయినకు అక్షరాలు రావు. అంకెలు మాత్రం ఎట్లా వచ్చాయో నాకు చాలా ఏండ్లు తెలియదు.

పాలమూరు లేబర్ అంటే డ్యాములు కట్టిన చోటల్లా తెలుసు. నాయిన ఆ లేబరులో ఒకడు. మక్తల్ అవతల మా ఊరు. వానలు పడితే జొన్న, పడకపోతే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు. దసరా దాటంగనే మేస్త్రీలు జనాన్ని బస్సులు ఎక్కించేవాళ్ళు. అడ్వాన్సు చేతిలో పడకముందే నాయిన తన షరతు చెప్పేవాడు. జాతరలో స్వామి ఉద్దాలు, అంటే పాదుకలు, గుట్టకు వచ్చే దినం గురించే ఆ షరతు. "ఉద్దాల దినం దాటినంకనే బస్సెక్కుత. లేదు, ఇప్పుడే రమ్మంటవా, వస్త. కాని ఉద్దాల నాటికి ఇంటికొస్త." కొందరు సరేననేవాళ్ళు. కొందరు ఆ దినాల కూలి కోసేవాళ్ళు. కోస్తే కోయించుకునేవాడు గాని మాట మార్చేవాడు కాదు.

2023 మాఘంలో పోయాడు. ఏండ్లకేండ్లు పీల్చిన రాతి దుమ్ము చివరికి ఊపిరి తీసుకోనీయలేదు. సంవత్సరీకం పెట్టేదాకా గుట్ట ఎక్కొద్దన్నారు పెద్దలు. ఆ కార్తీకం అట్లనే పోయింది. మరుసటి కార్తీకం రాంగనే అమ్మే అడిగింది. "ఆయన తిరిగిన తొవ్వ మొత్తం తిరుగుదాం బిడ్డా. ఒక్కటి గూడ ఇడిశిపెట్టొద్దు." ఇంటర్ చదివే నా కొడుకు నేనూ వస్తానన్నాడు. తమ్ముడు, మరదలు, వాళ్ళ పాప హైదరాబాద్ నుంచి నేరుగా జాతరకు వస్తామన్నారు.

పంచమి: మహబూబ్‌నగర్, మన్యంకొండ

నేనుండేది మహబూబ్‌నగర్‌లోనే. పొద్దుగాల మొదట పిల్లలమర్రికి పోయాం. నాయిన పట్నం వచ్చిన ప్రతిసారీ అక్కడికి పోయి కాసేపు కూర్చుని వచ్చేవాడు. ఏడు వందల ఏండ్ల మర్రి అంటారు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. 2017లో పెద్ద కొమ్మ విరిగి పడింది. చెదలు పట్టిందని తేలితే, మరుసటి యేడు కొమ్మ కొమ్మకూ సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. మేం కంచె ఇవతలి నుంచే చూశాం. అమ్మ కంచె పట్టుకుని చాలాసేపు నిలబడింది. "చెట్టుకు ఎక్కిచ్చిన సెలైన్ చెట్టుకు పట్టింది" అన్నది. దవాఖానలో నాయిన చేతికి సెలైన్ పెట్టిన ఆ పదకొండు రోజులు మా ఇద్దరికీ గుర్తొచ్చాయి. ఇంకేం మాట్లాడకుండా ఆటో ఎక్కాం.

బస్సులో కండక్టరు ఆధార్ కార్డు చూసి అమ్మకూ నాకూ జీరో టికెట్లు ఇచ్చాడు. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరులో వచ్చింది, నాయిన పోయిన పది నెలలకు. అమ్మ ఆ టికెట్టును మడిచి కొంగున ముడేసుకుంది. "నలుగురికి పైసలు సాలకపోతే మనల్ని దేవరకద్రల బస్సెక్కిచ్చి ఆయన నడిశొచ్చేటోడు. యాదికున్నదా?" నాకు యాదికుంది. మేం దిగి, మూటలు దించుకుని, చెట్టు కింద కూర్చుంటే చీకటి పడ్డాక వచ్చేవాడు. కాళ్ళు కడుక్కుని మొదట అడిగేది ఒక్కటే. "పిల్లలు తిన్నరా?"

మన్యంకొండ రాయచూరు తొవ్వలో ఉంటుంది. మా దిక్కు దాన్ని పేదల తిరుపతి అంటారు. తవ్వని కోనేరు, చెక్కని పాదాలు, ఉలి ముట్టని స్వామి అని గుట్ట గురించి చెప్పుకుంటారు. ఉలితోనే పొట్ట పోసుకున్న మా నాయినకు ఆ మూడో మాట మీద చాలా ఇష్టం. "మన చెయ్యి పడకుండ తయారైనోడు" అని ఆశ్చర్యంగా అనేవాడు, ప్రతిసారీ కొత్తగా విన్నట్టు. ఇక్కడ బ్రహ్మోత్సవాలు మాఘ పున్నానికి. అప్పటికి ఆయన ఏదో ఒక పనిమీద దూరాన ఉండేవాడు కాబట్టి కార్తీకంలోనే మొక్కు తీర్చుకునేవాడు.

ఆయన మొక్కే పద్ధతి వేరు. పనిలో పొద్దుపొద్దున మేస్త్రీ హాజరీ తీసుకుంటాడు, పేరు పిలిస్తే పలకాలి. నాయిన స్వామి ముందు నిలబడి మా హాజరీ చెప్పేవాడు. నా పెండ్లాం వచ్చింది స్వామీ. నా పెద్దబిడ్డ వచ్చింది. నా కొడుకు వచ్చిండు. కోడలు వచ్చింది, మనుమడు వచ్చిండు. ఇంటికాడ ఎద్దులు, కట్టేసి వచ్చిన. అంతే. దండం పెట్టి పక్కకు జరిగేవాడు. ఏమీ అడగగా నేను వినలేదు.

ఈసారి గర్భగుడి ముందు అమ్మ పెదవులు కదిలాయి. ఏమన్నదో నేను అడగలేదు.

షష్ఠి: కురుమూర్తి

దేవరకద్ర మీదుగా జాతర బస్సు. లోపల కాలు పెట్టే జాగా లేదు. బుట్టలు, కొత్త కుండలు, కట్టెల మోపులు, ఒకామె ఒడిలో నిద్రపోతున్న చంటిపిల్ల. పుణె నుంచి, బొంబాయి నుంచి వచ్చినవాళ్ళు సగం మంది. మరాఠీ మాటలు కలిసిన మా పాలమూరు తెలుగు వింటుంటే నాకు పదేండ్ల వయసు తిరిగొచ్చింది.

కురుమూర్తి చిన్నచింతకుంట మండలంలో, అమ్మాపురం పక్కన. తిరుమల మాదిరే ఏడు కొండలు. వాటికి సంస్కృతం పేర్లున్నాయి గాని నాయిన వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టేవి మా ఊరి పేర్లే: బొల్లిగట్టు, ఒంటిగట్టు, కోటగట్టు, పెద్దగట్టు, ఎలుగులగట్టు, చీపుర్లగట్టు, దేవరగట్టు. చివరి వేలు ముడిచాక పిడికిలి అయ్యేది, రెండు వేళ్ళు అవతలి చేతివి కలిపి. ఆ పిడికిలిని కండ్లకద్దుకునేవాడు. నా కొడుకు ఆ పేర్లు ఫోన్లో రాసుకున్నాడు. చీపుర్లగట్టు దగ్గర ఆగి, "నిజంగా చీపురు గడ్డి ఉంటదా అవ్వా?" అని అడిగాడు. "మీ తాత కోసుకొచ్చిన చీపురుతోనే ఊడ్సిన సుమారు ఏండ్లు" అన్నది అమ్మ.

స్వామి కథ నాయిన చెప్పే తీరు ఇట్లా ఉండేది. పెండ్లికి కుబేరుని దగ్గర అప్పు చేశాడు స్వామి. అప్పు కట్టలేక, ఆ బాధ పడలేక తిరుపతి విడిచి కృష్ణ ఒడ్డు పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. కాళ్ళు బొబ్బలెక్కాయి. అట్లా వచ్చి ఈ గుట్టల్లో ఆగాడు. ఈ కథ చెప్పేటప్పుడు నాయిన గొంతు మారేది. అప్పు, నడక, బొబ్బలెక్కిన కాళ్ళు, ఇవన్నీ ఆయన ఎరిగినవే. అందుకే ఆయనకు స్వామి పెద్దింటివాడిగా తోచేవాడు కాదు. గుంపులో తనకంటే ముందు నడిచే మనిషిలాగా తోచేవాడు.

ఆత్మకూరు నుంచి ఊరేగింపుగా ఆభరణాలు వచ్చి అలంకారం అయిపోయింది. రాత్రి గుట్ట కింద టార్పాలిన్ వేసుకుని పడుకున్నాం. తమ్ముడు వాళ్ళు పదింటికి చేరారు. పాప రాంగనే అమ్మ ఒళ్ళో పడి నిద్రపోయింది.

సప్తమి: ఉద్దాలు

తెల్లారుజామునే లేచి స్వామి నైవేద్యానికి దాసంగం పెట్టాం. మూడు రాళ్ళు, కొత్త కుండ, కుండ మెడకు పసుపు కొమ్ము కట్టిన దారం, సున్నం బొట్లు. కుండ కొత్తదైతే మొదట నీళ్ళు పీలుస్తుంది, మంట ఎక్కువైతే నెర్రె విడుస్తుంది. నాయిన పుల్ల పుల్లగా మంట ఎగేసేవాడు, కుండ వేడి అరచేత్తో దూరం నుంచే పట్టి చూసేవాడు. తమ్ముడు తొందరపడి మూడు కట్టెలు ఒక్కసారి తోశాడు. అమ్మ రెండు వెనక్కి లాగింది. అన్నం ఉడికింది, పచ్చిపులుసు పిసికింది, బెల్లం ముక్క పైన పెట్టింది. కుండ నెర్రె విడవలేదు.

ఉద్దాలంటే స్వామి పాదుకలు. చిన్నవడ్డెమాన్‌లో చెప్పులు కుట్టే దళిత కుటుంబాలవాళ్ళు అమావాస్య నుంచి ఉపవాసం ఉండి, నిష్ఠతో తోలు కోసి కుడతారు. సప్తమి నాడు ఊకచెట్టు వాగు దాటి ఊరేగింపుగా గుట్టకు తెస్తారు. ఊళ్ళల్లో ఆ చేతులను గడప దాటనివ్వని రోజుల్లో కూడా, ఆ చేతులు కుట్టిన చెప్పు వీపున తగలాలని అన్ని కులాలవాళ్ళూ ఇక్కడ వంగి నిలబడ్డారు. ఈ మాట నాయిన నాకు చిన్నప్పుడే చెప్పాడు. నేను బడిలో పాఠం చెప్పేటప్పుడు ఇప్పటికీ పిల్లలకు చెప్తాను.

మధ్యాహ్నం దాటాక డప్పులు వినిపించాయి. మొదట దుమ్ము లేచింది, తర్వాత జనం, తర్వాత గోవింద నామం. ఒక్కసారి లక్షల గొంతులు లేచినట్టుంటుంది అది. పాపను తమ్ముడు భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు, సరిగ్గా నాయిన వాణ్ణి కూర్చోబెట్టుకున్నట్టు. వాడి కాళ్ళను అప్పుడు నాయిన పట్టుకున్న తీరులోనే పాప కాళ్ళను వాడు పట్టుకున్నాడు, మడమల పైన. వాడికి తెలియదు. నేను చెప్పలేదు.

94 సంగతి ఇక్కడే చెప్పాలి. ఆ యేడు నాయిన బొంబాయిలో ఉన్నాడు. ఉద్దాలకు నాలుగు దినాల ముందు కర్రల పరంజా జారి పడ్డాడు, కాలు విరిగింది. పని ఇచ్చినాయన దవాఖానలో దింపి మళ్ళీ కనపడలేదు. మాకు ఏ కబురూ లేదు. నాకు పదకొండేండ్లు, తమ్మునికి ఎనిమిది. పక్కింటివాళ్ళు, బొంబాయి పోయిన మగవాళ్ళు కొందరు అక్కడే ఉండిపోతారని అమ్మకు వినబడేటట్టు మాట్లాడారు. నిజమే, మా ఊరినుంచి పోయి తిరిగిరానివాళ్ళున్నారు. అమ్మ మాట్లాడలేదు. మమ్మల్నిద్దర్నీ పట్టుకుని జాతరకు వచ్చింది. ఉద్దాలు వీపున తగిలించుకుని, పక్కకు జరగకుండా మళ్ళీ వంగింది. పూజారి, "అయిందమ్మా, జరుగు" అన్నాడు. "ఇది మా ఇంటాయనది. పనిమీద ఉన్నడు, తొవ్వల ఉన్నడు" అన్నది. ఆయన ఇంకోసారి తగిలించాడు.

నాయిన మాఘంలో కట్టె పోటు వేసుకుంటూ వచ్చాడు. అప్పటికి ఆ యేటి వరుస అమ్మే గీసి ఉంచింది. మొదటి గీత చోటు ఖాళీగా విడిచి, తనదీ మావీ మూడు గీసింది. పెట్టె తెరిచి, "నీది నువ్వు గీసుకో" అన్నది. నాయిన మొల తీసుకుని చాలాసేపు చూసి కింద పెట్టేశాడు. "నేను రాలే గదా. స్వామి దగ్గర దొంగ హాజరీ ఏస్తనా?"

ఈరోజు ఉద్దాల మండపం దగ్గర వరుసలో అమ్మ నా ముందుంది. ఆమె వీపు వంగింది, ఉద్దాలు తగిలాయి. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. అమ్మ లేచి, కండ్లు మూసుకుని దండం పెట్టి, పక్కకు జరిగింది. రెండోసారి వంగలేదు.

గుడి పైకి అందరం ఎక్కాం. ఆఖరుసారి, 22లో, నాయిన గుట్ట ఎక్కలేకపోయాడు. మొదటి మెట్టు మీద కూర్చుని, దగ్గు ఆగినప్పుడల్లా పైకి చూస్తూ, "మీరు పోయి చెప్పి రాండ్రి, కిందున్నడని" అన్నాడు. మేం పోయి చెప్పాం.

అష్టమి: జూరాల

తమ్ముడు కారు తెచ్చాడు కాబట్టి ఇక్కడికి సులువుగా వచ్చాం. డ్యాము పేరు ప్రియదర్శిని జూరాల, పూర్తి మట్టం 318.516 మీటర్లు, నిలువ 9.657 టీఎంసీలు. వానకాలం వార్తల్లో రోజూ వినే అంకెలివి. కృష్ణ మన రాష్ట్రంలో అడుగుపెట్టాక ఆగే మొదటి డ్యాము ఇదే. నాయిన దీని పనిలో ఉన్నాడని తెలుసు. అమ్మ ఉన్నదని తెలియదు.

"నేను గూడ గంప మోసిన. తమ్ముడు కడుపుల ఉన్నడు. నిన్ను చీర ఉయ్యాల కట్టి తుమ్మచెట్టుకు ఏసినం" అన్నది, డ్యాము మీద నడుస్తూ, నీళ్ళ దిక్కు చూడకుండా. మేస్త్రీ చూడనప్పుడు నాయిన ఆమె గంపలోంచి సగం కంకర తన గంపలోకి వంచుకునేవాడట. ఇన్నేండ్లలో ఒక్కసారీ ఆయన నోటి నుంచి ఈ మాట రాలేదు. తమ్ముడు కట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయాడు.

ఒడ్డున చేపలు వేయిస్తున్నారు. కార్తీకం కాబట్టి మేం ముట్టలేదు. పిల్లలు తిన్నారు.

నవమి: బీచుపల్లి, అలంపురం

తమ్ముడు వాళ్ళు పొద్దున్నే హైదరాబాద్ తిరిగిపోయారు. మేం ముగ్గురం మళ్ళీ బస్సు పట్టాం. బీచుపల్లిలో కృష్ణలో మునిగి, ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నాం. మా దిక్కు ఇంటికొక బీచుపల్లి ఉంటాడు, ఇంటికొక కుర్మన్న ఉంటాడు. నాయినకూ స్వామి పేరే.

అలంపురంలో జోగులాంబ తల్లి పద్దెనిమిది శక్తిపీఠాల్లో అయిదోది. పాత గుడి పోయాక అమ్మవారిని బాలబ్రహ్మ గుడిలో ఉంచి పూజించారు. పాత జాగాలోనే కొత్త గుడి లేచింది 2005లో. చుట్టూ బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మల గుళ్ళు. పక్కన షాలీ పహిల్వాన్ దర్గా, నాయిన అక్కడ కూడా ఆగి సలాం పెట్టేవాడు. నా కొడుకు పెట్టాడు, చెప్పకుండానే.

కాని అమ్మ ఇక్కడికి వచ్చింది ఊరి బయట ఉన్న ఇంకో గుడి కోసం. కూడవెల్లి సంగమేశ్వరుని గుడి. కృష్ణ, తుంగభద్ర కలిసే చోట ఉండేది. శ్రీశైలం నీళ్ళల్లో మునుగుతుందని, రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. పెండ్లికి ముందు నాయిన ఆ రాళ్ళు మోసిన కూలీ. ప్రతి రాయికీ రంగుతో నంబరు వేసేవాళ్ళు. నంబరు చెరిగితే ఆ రాయి ఎక్కడిదో ఎవరికీ తెలియదు. అందుకని నంబరు చూసి, గుర్తుపట్టి, సరైన కుప్పలో దించగలవాడికి రోజుకు కొంచెం ఎక్కువ కూలి. రాత్రుళ్ళు ఇసుకలో వేలితో దిద్ది దిద్ది నాయిన అంకెలు నేర్చుకున్నాడు.

"నన్ను చూడొచ్చినప్పుడు చదువుకున్నవా అని మా అయ్య అడిగిండు" అన్నది అమ్మ, గోడ నీడలో కూర్చుంటూ. "దేవుని గుడి చదివిన అన్నడు. మా అయ్యకు సమజ్ కాలే. నాకూ కాలే."

గోడ మీద ఏ నంబరూ కనిపించలేదు, నా కొడుకు మూలమూలా వెతికాడు. అతుకులు మాత్రం కనిపిస్తాయి, దగ్గరికి పోతే. అమ్మ లేచి కింది వరుస రాళ్ళ మీద అరచెయ్యి ఆనించి గుడి చుట్టూ ఒక్కసారి తిరిగింది. వేడెక్కిన రాయి. చెయ్యి ఎక్కడా ఎత్తలేదు.

ఇల్లు

రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాం. కాళ్ళు కడుక్కోకముందే అమ్మ మంచం కిందనుంచి పెట్టె లాగింది. మొల అందులోనే ఒక మూల గుడ్డపేలికలో చుట్టి ఉంటుంది. కొంగు ముడి విప్పి, జీరో టికెట్లన్నీ తీసి ఆ పేలికలో పెట్టింది.

22 వరుస కింద వేలు పెట్టి నా కొడుకును పిలిచింది. "అంకెలు నువ్వు రాయి నాయినా. తాత రాసినట్టే, రెండే." వాడు జాగ్రత్తగా 24 అని గీశాడు. రేకు కీచుమన్నది.

తర్వాత మొల అమ్మ తీసుకుంది. 24 పక్కన ఒక గీత పట్టేంత చోటు బొటనవేలితో కొలిచి విడిచిపెట్టింది. అక్కడినుంచి ఒక్కొక్కరి పేరే చెప్పుకుంటూ ఆరు గీతలు గీసింది.